బస్సు వస్తే పాడైపోయే కళాఖండం

మానవజాతి పుట్టిన నాటి నుంచీ బస్సు కోసం ఎదురుచూస్తూనే ఉంది. అయితే ఆ ఎదురుచూపును కళగా గుర్తించి, తగిన గౌరవమిచ్చి, పక్కనే ఇత్తడి పలక బిగించిన మొట్టమొదటి నగరం మాదేనని సవినయంగా మనవి చేస్తున్నాను. (మిగతా నగరాలు ఇంకా బస్సులు నడుపుకుంటూ కాలక్షేపం చేస్తున్నాయి.)

మా నగరపాలక సంస్థలో ప్రజాభాగస్వామ్య వీధికళల విభాగం అని ఒకటి కొత్తగా వెలిసింది. జనం బొమ్మను చూసి ఊరుకోకూడదని దాని సిద్ధాంతం. ముట్టుకోవాలి, నొక్కాలి, లాగాలి, వీలైతే అందులో దూరాలి. మొదట పార్కులో పాడే ఊయల పెట్టారు. ఊగితే పాడుతుంది, ఆపితే ఏడుస్తుంది. ఆ ఏడుపు భరించలేక చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వంతులు వేసుకుని ఊగారు. ప్రజల భాగస్వామ్యం అంచనాలు దాటిందని విభాగం తనకు తానే శాలువా కప్పుకుని, అదే ఉత్సాహంతో మా వీధి మొదట్లో ఉన్న బస్టాపు మీద పడింది.

ఆ కళాఖండం పేరు ‘నిరీక్షణ’. రేకుల షెడ్డుకు నీలం రంగు వేశారు. బెంచీని ఉన్నదున్నట్టు ఉంచి, దాని ఎదురుగా ఒక ఎర్ర బటన్ అమర్చారు. ప్రేక్షకుడు బటన్ నొక్కగానే ఎక్కడో బస్సు హారన్ మోగుతుంది, రోడ్డు మీద హెడ్‌లైట్ల వెలుగు పడుతుంది. బెంచీ మీదివాళ్లు ఆశగా లేచి, సంచులు సర్దుకుని, మెడలు సాచి చూసి, మళ్లీ కూర్చుంటారు. ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. అసలు బస్సే వచ్చి ఆగితే ఎదురుచూపు ముగిసిపోతుంది, అంటే కళాఖండం ధ్వంసమైపోతుంది. కాబట్టి అక్కడ బస్సు ఆపడాన్ని విధ్వంసక చర్యగా ప్రకటించారు. (ఈ తర్కంలో లోపం ఎక్కడుందా అని నేను చాలా వెతికాను. లేదు.)

ఇందులో మా పిన్ని ఇరుక్కుంది. పిన్ని నది అవతల పెద్దాసుపత్రిలో చీటీల కౌంటరులో పనిచేస్తుంది. వచ్చిన రోగికి చీటీ రాసిచ్చి, “కూర్చోండి, పిలుస్తారు” అనడం ఆవిడ ఉద్యోగం. ఆ మాట ఎంతగా అలవాటైందంటే, ఇంట్లో బాబాయి టీ అడిగినా అదే జవాబు. మోకాళ్లు పోయి బాబాయి ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఇల్లు గడిచేది పిన్ని జీతం మీదే. వరసగా ఆలస్యమవుతుంటే ఆసుపత్రి సూపరింటెండెంటు పిలిచి, “ఇంకొన్నాళ్లు ఇలాగే ఆలస్యమైతే నీ కుర్చీలో వేరేవాళ్లు కూర్చుంటారమ్మా” అన్నాడు. పిన్ని నిజంగానే భయపడింది. ఆవిడ భయపడటం నేను చూడటం అదే మొదలు.

బస్టాపు మానేసి నడిచి పోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మా వీధిలోంచి బయటపడాలంటే ఆ షెడ్డు ముందు నుంచే పోవాలి. చేతిలో సంచి, ముఖంలో తొందర కనిపిస్తే చాలు, మిమ్మల్ని భాగస్వామిగా చేర్చుకుని బెంచీ మీద కూర్చోబెడతారు. మీ చోట్లోకి ఇంకొకరు వచ్చేదాకా కదలకూడదు. దీనంతటినీ చూసుకోవడానికి నిరీక్షణాధికారి అని ఒకాయన్ని వేశారు. ఎంత మర్యాదస్తుడంటే, జరిమానా వేసేటప్పుడు కూడా లేచి నిలబడతాడు.

“మేడమ్, ఈరోజు మీరు లేవడంలో ఆశ కాస్త తగ్గింది,” అన్నాడు ఒక ఉదయం.

“బస్సు రాదని తెలిసిపోయింది కదా బాబూ,” అంది పిన్ని.

“తెలిసీ లేవడమేనండీ ఇందులో గొప్ప. తెలియక ఎవరైనా లేస్తారు.”

“నన్ను వదిలెయ్యి నాయనా, పడుతూ లేస్తూ నడిచిపోతాను.”

“మీరు ఎడమ చివర కూర్చున్నారు. మీరు లేచి వెళ్లిపోతే అందం అంతా కుడివైపుకు ఒరిగిపోతుందండీ.”

పిన్ని బదులు ఒకరోజు నేను కూర్చున్నాను. అధికారి నా ముఖాన్ని అటు నుంచీ ఇటు నుంచీ పరిశీలించి, “వీరిలో ఎదురుచూపు లేదు, సెలవురోజు కనిపిస్తోంది” అని తిప్పి పంపేశాడు. (నేను రచయితను. ఆయన చెప్పింది తప్పని అనలేను.)

పిన్ని పక్కన ఒక వడ్రంగి ఉండేవాడు. ఎవరింటికో బిగించాల్సిన తలుపును మోసుకుపోతూ దొరికిపోయాడు. అధికారికి ఆ తలుపు తెగ నచ్చేసింది. “అలాగే నిలబెట్టండి, చాలా లోతుగా ఉంది,” అన్నాడు. వచ్చినవాళ్లు తలుపు తీసి ఇవతలికి వచ్చి, మళ్లీ మూసి అవతలికి వెళ్లి, కళ్లు తుడుచుకునేవాళ్లు. తలుపు కోసం ఆ ఇంటాయన ఫోన్ల మీద ఫోన్లు. “ప్రదర్శనలో ఉందండీ. అది అయ్యేదాకా గుమ్మానికి దుప్పటి కట్టుకోండి,” అని వడ్రంగి సర్దిచెప్పేవాడు.

పేరు నలుదిక్కులా పాకింది. చూడటానికి జనం విరగబడటంతో, వాళ్ల సౌకర్యం కోసం విభాగం ఒక ప్రత్యేక బస్సు వేసింది. నది అవతల, ఆసుపత్రి ఎదుటి నుంచి బయల్దేరి, మా స్టాపు దాకా వచ్చి, వాళ్లు చూడటం అయ్యాక తిరిగి అక్కడికే వెళుతుంది. ఇదివరకు మాకు రోజూ వచ్చిన పాత బస్సే, పాత డ్రైవరే. రంగు మాత్రం నీలం.

బస్సును చూడగానే పిన్ని లేచింది. ఈసారి ఆశలో ఏ లోటూ లేదు.

“ఎక్కడానికి కాదండీ, దిగడానికి,” అని అధికారి చేతులు అడ్డంపెట్టాడు.

డ్రైవరు తల దించుకున్నాడు. “మిమ్మల్ని ఎక్కించుకుంటే నా ఉద్యోగం ఊడుతుంది అక్కా. ప్రేక్షకులనైతే ఎంతమందినైనా ఎక్కించుకోవచ్చు.”

ఆ మాట పిన్ని చెవిలో పడింది. సాయంత్రానికల్లా అది వీధిలో అందరి చెవుల్లోనూ పడింది.

మర్నాడు పొద్దున పిన్ని సంచి ఇంట్లో పెట్టేసింది. కంటి ఆపరేషన్ అయినప్పుడు బాబాయికిచ్చిన నల్లకళ్లద్దాలు పెట్టుకుని, మెడలో నా కెమెరా వేసుకుని, ఏ పనీ లేని మనిషిలా తాపీగా నడిచింది. ఆవిడ వెనకే వీధి వీధంతా తాపీగా నడిచింది. బెంచీ ఖాళీ. నీలం బస్సులో వచ్చినవాళ్లకు ఖాళీ బెంచీ కనబడితే ఊరుకుంటారా? ఫోటోల కోసం ఎగబడి కూర్చున్నారు. కొందరి చేతుల్లో సంచులు కూడా ఉన్నాయి. అధికారి మురిసిపోయి వాళ్లందరినీ చేర్చేసుకున్నాడు. పిన్ని ముందుకు వచ్చి, ఎర్ర బటన్ నొక్కి, వాళ్లు లేచి మళ్లీ కూర్చోవడం చూసి, “అబ్బ, ఎంత సహజంగా ఉందో,” అంది. తర్వాత అందరూ కలిసి బస్సెక్కారు.

వడ్రంగిని మాత్రం అధికారి ఆపాడు. “తలుపు ఎక్కడికండీ?”

“గుర్తుగా కొనుక్కున్నాను,” అన్నాడు వడ్రంగి.

అధికారి ఆనందానికి అంతులేదు. తలుపును బస్సులోకి ఎక్కించడానికి తానే ఒక చెయ్యి వేశాడు.

బస్సు కదిలేసరికి బెంచీ మీదివాళ్లకు సంగతి అర్థమై, కేకలు వేస్తూ వెంటపడ్డారు. ఇన్నాళ్లకు అసలైన బాధ చూడగలిగానని అధికారి జేబురుమాలు తీశాడు. బస్సులో ఒకటే నవ్వులు. నడవలో నిలబెట్టిన తలుపును ఒకరు తట్టడం, ఇంకొకరు తీసి “ఎవరు కావాలండీ?” అనడం. వంతెన మీద డ్రైవరు హారన్ కొట్టాడు. బస్సులో అందరూ ఠక్కున లేచి, లేని సంచులు సర్దుకుని, బయటికి తొంగిచూసి, మళ్లీ కూర్చున్నారు.

పిన్ని వేళకు ముందే ఆసుపత్రి చేరింది. గుమ్మంలో సూపరింటెండెంటు నవ్వుతూ ఎదురొచ్చాడు. ఆయన వెనక, చీటీల కౌంటరుకు నీలం రంగు ఇంకా తడిగా మెరుస్తోంది. కిటికీ పక్కన ఎర్ర బటన్, ఇత్తడి పలక. విభాగం రెండో దశలోకి అడుగుపెట్టింది.

“నీ కుర్చీకేం ఢోకా లేదమ్మా. రోజూ వచ్చి కూర్చో, జీతం తీసుకో. కిటికీ మాత్రం తెరవకు. తెరిస్తే కళ పాడైపోతుంది.”

పిన్ని లోపలికి వెళ్లి కూర్చుంది. నల్లకళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. మూసిన కిటికీ అద్దం మీద ఎవరో వేలితో తట్టారు. అలవాటు ఎక్కడికి పోతుంది, “కూర్చోండి, పిలుస్తారు” అంది.

ఈ మాటకు నెల కావస్తోంది. వరసలో ఉన్నవాళ్లెవరూ ఇంతవరకు తేడా గమనించలేదు.