చుక్కలు పుట్టే జంబుఖానా

రంగు గంజు మూత పోయిన రోజే లింగమూర్తి పరువు కూడా పోవలసింది.

తండ్రి కాలం చేశాక కొత్తవాడలో ఆయన మగ్గానికి వచ్చిన మొదటి బేరం అది. బడి వార్షికోత్సవానికి వేదిక మీద పరచడానికి తెల్ల జంబుఖానా కావాలన్నాడు హెడ్మాస్టరు సారంగపాణి. "మీ నాయన నేసినట్టే ఉండాలె" అని కూడా అన్నాడు.

నేత బాగానే కుదిరింది. కోసి నేల మీద పరిచి, ఎంత బాగుందో చూద్దామని లింగమూర్తి వెనక్కి నడిచాడు. వెనకాల మూత లేని ఎర్ర రంగు గంజు ఉంది. కాలు అందులో పడింది, గిన్నె జంబుఖానా మీదికి దొర్లింది.

భార్య యాదవ్వ వచ్చేసరికి ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మరకను పరిశీలిస్తున్నాడు.

"గిదేందయ్యా?"

"డిజైను."

"నీ కాలు ఎర్రగున్నది?"

"డిజైను చేస్తె అంటదా మరి? పేపర్ల వడ్డది. ఆకాశంలకు దుర్భిణి పంపిండ్రట. ఆడ దుమ్ము మబ్బుల పెద్ద పెద్ద చుక్కలు పుడుతాన్నయట. గదే ఇది."

యాదవ్వ చుట్టూ తిరిగి చూసింది. "పుట్టిన జాగ గిట్లనే ఉంటది తియ్యి. మన చిన్నోడు పుట్టిన్నాడు మా అవ్వ ఉతికిన బొంత అచ్చం గిట్లనే ఉండె."

"నవ్వకు."

"నవ్వుతలేను. సారుకు ఉన్నదున్నట్టు చెప్పు. ఇద్దరం కూసుంటె ఇంకోటి నేస్తం."

"మా నాయన పేరు ఖరాబ్ చేస్తవా? ఫికర్ చెయ్యకు. నేను మాట్లాడుత, నువ్వు నోరు తెరువకు."

రంగు ఆరాక సారంగపాణి వచ్చాడు. సైన్సు చెప్పే మనిషి, నవ్వడం తక్కువ. లింగమూర్తి మబ్బు చూపించాడు, చుక్కలు చూపించాడు. తన పాదముద్రను కూడా అప్పుడే పుట్టిన చుక్కగా చూపించాడు.

సారు కళ్లద్దాలు తుడుచుకుని వంగాడు. "దీనికి వేళ్లున్నయేంది?"

"పసిది గద సార్. ఇప్పుడిప్పుడే వస్తాన్నయ్."

సారు ఆ వేళ్లను ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. "మీ నాయన గూడ ఇంత ఆలోచన చెయ్యలేదయ్యా" అన్నాడు చివరికి.

ఆ మాట వినడానికి తండ్రి లేడు. ఉంటే అసలు మూతే పోయేది కాదు.

అప్పుడు యాదవ్వ నోరు తెరిచింది. "ఒక్కటేం బాగుంటది సార్? జోడీ ఉండాలె. ఆయనకు గిదొక లెక్కనా? అచ్చం గిట్లనే ఇంకోటి చేస్తడు. ఒక్క చుక్క అటిటు గాదు."

"చేస్తవా లింగమూర్తీ?"

లింగమూర్తి భార్య వైపు చూశాడు. ఆమె శ్రద్ధగా పైకప్పు చూస్తోంది.

"చేస్త సార్."

సారు జంబుఖానా చుట్టి భుజాన వేసుకున్నాడు. నమూనా కూడా దాంతోనే వెళ్లిపోయింది.

తరవాత ఇంట్లో పాత దుప్పట్లన్నీ ఎర్రబడ్డాయి. ఏ మబ్బూ మొదటి మబ్బులా రాలేదు. గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ యాదవ్వ అడిగేది: "ఇయ్యాల ఎన్ని కాన్పులయినయ్?"

వార్షికోత్సవం ఎల్లుండి. రెండో జంబుఖానా ఇంకా తెల్లగానే ఉంది.