ధర్మవీరుడి పంచాయితీ

ఆ ఆదివారం ఎలా గడవాలో సారంగపాణి పొద్దున్నే తేల్చేసుకున్నాడు. ముందు వెంకట్రాజం మామను కలవాలి. తర్వాత ఇంటికొచ్చి టిఫిన్ తినాలి. పదింటికి గోదాంలో కూర్చుని దొంగ సంగతి తేల్చేయాలి, మధ్యాహ్నం భోంచేసి కునుకు తీయాలి. వరంగల్లు మట్టెవాడలో ఆయనకు బట్టల కొట్టుంది. తన ప్లాను ఒక్కటీ తప్పలేదని ఆయన గట్టి నమ్మకం. తప్పినవాటిని ఆయన ప్లానుల్లో జమకట్టడు.

గోదాం అంటే కొట్టు వెనక గదే. ఆదివారాలు అందులో ముగ్గురు పెద్దమనుషులు తలుపేసుకుని ఒక ఆట ఆడతారు. పేకాట కాదు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పే రామలింగం హైదరాబాదు ఫుట్‌పాత్ మీద ఒక దొరల పుస్తకం కొన్నాడు. తలా ఒక వేషం ఎంచుకుని, కూర్చున్నచోటే నోటితో కథ నడిపించడం ఆ ఆట. అడవిలో ఏం ఎదురైందో రామలింగం చెబుతాడు, ఏం చేస్తారో మిగతావాళ్లు చెబుతారు. చేసింది ఫలించిందో లేదో తేలాలంటే ఇరవై ముఖాల పాచిక ఉండాలట. అది వరంగల్లులో దొరక్క, స్టీలు చెంబులో అంకెలు రాసిన ఇరవై చీటీలు వేసి తీస్తారు, అంకె ఎంత పెద్దదైతే అంత జయం. బ్యాంకు ఆఫీసరు రాజేశ్వర్ రావు మాంత్రికుడు. సారంగపాణి ధర్మవీరుడు, పేరు ధీరకేతుడు.

ధర్మవీరుడికి నియమాలున్నాయి. అబద్ధమాడకూడదు. ఇచ్చిన మాట తప్పకూడదు. శరణన్నవాడి ప్రాణం పోనివ్వకూడదు. వీటిలో ఏది తప్పినా గాయాలు మాన్పే మహిమ, కత్తిలోని వెలుగు అన్నీ ఆ క్షణమే పోయి మామూలు సిపాయిగా మిగిలిపోతాడు. ఈ విషయంలో రామలింగం పరీక్ష పేపర్లు దిద్దినంత కఠినంగా ఉంటాడు.

సారంగపాణి ఆ వేషం సరదాకే ఎంచుకున్నాడు. కానీ వారమంతా "మీ మీద ఒట్టు, నాకు పైస మిగలది" అనే నోరు, ఆదివారం రెండు గంటలపాటు నిజమే పలికేది. ఆ రెండు గంటలు తనకు తాను ఎంతో నచ్చేవాడు. ఈ ముక్క భార్య సావిత్రికి కూడా చెప్పలేదు గానీ, ధీరకేతుడి మహిమ పోతే తన ఒంట్లో ఏదో పోయినట్టే ఉంటుందని ఆయనకు తెలుసు.

ఇప్పుడు దానికే ముప్పొచ్చింది. కిందటి ఆదివారం అడవిలో ఒక దొంగ దొరికి కాళ్ల మీద పడ్డాడు. ధీరకేతుడు, "నీ పాణానికి నాది పూచీ" అని మాటిచ్చేశాడు. వదిలితే పోయి ముఠాకు దారి చెబుతాడు, చంపెయ్యాల్సిందేనని రాజేశ్వర్ రావు పట్టుబట్టాడు. కట్టేసి వదిలిపోతే తోడేళ్ల పాలవుతాడు. వెంట తీసుకుపోతే అరిచి గోల చేస్తాడు. మాటామాటా పెరిగి రావు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. వచ్చే వారానికి తేల్చుకు రమ్మని రామలింగం గడువు పెట్టాడు.

అందుకే సారంగపాణి వెంకట్రాజం ఇంటికి బయల్దేరాడు. ఇత్తడి సామాన్ల కొట్టు వెంకట్రాజం అంటే బజారుకు పెద్ద. ఆయన ఒక తీర్పు చెప్పాడంటే బ్యాంకు ఆఫీసరైనా నోరెత్తడు. కాకపోతే నలభై దాటిన వ్యాపారి ఆటలో దొంగ కోసం నిద్ర మానుకున్నాడంటే నవ్విపోతారు. ఆట అన్న మాట ఒక్కటీ ఎత్తకుండా అడిగేస్తే సరి, అబద్ధమూ కాదు, పరువూ పోదు అనుకున్నాడు.

"మామా, జర ఒక ధర్మసందేహం. ఒకడు దొంగను పట్టుకున్నడు. సంపనని మాటిచ్చిండు. దోస్తేమో సంపుడే అంటాండు. ఏం జెయ్యాలె?"

వెంకట్రాజం నోట్లో వేపపుల్ల ఆగిపోయింది. ఈ మధ్యే బజారులో రెండు కొట్ల తాళాలు పగిలాయి.

"దొంగ ఇప్పుడు యాడున్నడు?"

"కట్టేసి ఉంచినం మామా."

"ఉంచిన్రా! సంపుతా అంటున్న దోస్తెవడు?"

"బ్యాంకు రావు సాబ్. రామలింగం సారేమో ఎటూ చెప్పకుంట చూస్తాండు."

"సదువుకున్నోళ్ల పని సల్లగుండ! వానికి తిండన్న పెడ్తాన్నరా?"

సారంగపాణి ఉలిక్కిపడ్డాడు. ఆ సంగతి ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. ధర్మవీరుడన్నాక నిజమే చెప్పాలి.

"లేదు మామా. వారమాయె."

వెంకట్రాజం వేపపుల్ల పారేసి లేచాడు. "నువ్వు ఇంటికి పో అల్లుడా. ఫికర్ చెయ్యకు. నీ మాట పోనియ్య. నేను చూసుకుంట."

మామ తన పక్షమేనని తేలినందుకు సారంగపాణి ఈల వేసుకుంటూ ఇంటికొచ్చి నాలుగు ఇడ్లీలు ఎక్కువే తిన్నాడు.

అక్కడ వెంకట్రాజం మరో ఇద్దరు పెద్దలను లేపుకొచ్చాడు. ఆదివారాలు సారంగపాణి గోదాం తలుపు మూసి ఉంటుందని బజారంతా ఎరిగిందే, దొంగ అక్కడే ఉండాలి. ఒకాయన పోలీసులన్నాడు. "పోలీసులొస్తె బజారు పరువు పోతది. ముందు పంచాయితీ" అన్నాడు వెంకట్రాజం. అయితే ఒక చిక్కొచ్చింది. తన తరఫు మనిషి లేనివాడి మీద తీర్పు చెప్పకూడదని ఆ బజారు కట్టుబాటు. దొంగకు అమ్మెవరో అయ్యెవరో తెలియదాయె. చివరికి మూల మీద ఆకుకూరలమ్మే బక్కమ్మను అడిగారు. స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు పల్లెటూరి మనిషి, గట్టి గొంతు, ఎవరికీ జంకదు.

"ఎవల పిలగాడో ఏమో, వారం సంది ఉపాసమా!" అని బక్కమ్మ గంప పక్కామెకు అప్పజెప్పి, పొద్దున చేసుకున్న సర్వపిండి రొట్టె గుడ్డలో మూటగట్టుకుని నడిచింది.

ఈ వార్త వీధి నల్లా దగ్గర సావిత్రి చెవిన పడేసరికి దొంగలు ఇద్దరయ్యారు, ఒకడికి స్పృహ కూడా తప్పింది. "మా ఇంట్ల గసుంటియి జరగయి" అని సావిత్రి అందరితో ధీమాగా అంది. అనైతే అంది గానీ, మొన్న రాత్రి మొగుడు నిద్రలో "వాణ్ని ముట్టుకోకుండ్రి, మాటిచ్చిన" అని కలవరించడం గుర్తొచ్చి, బిందె అక్కడే వదిలేసి కొట్టుకు పరుగెత్తింది. అప్పటికే గోదాం ముందు సగం బజారు ఉంది.

లోపలినుంచి రాజేశ్వర్ రావు గొంతు ఖంగున వినిపిస్తోంది. "సంపుడే! ఇంక ఆలోచనేంది? నేను సంపుత, మీరు కండ్లు మూసుకోండ్రి!"

వెంకట్రాజం తలుపు ఒక్క తోపు తోశాడు. చాప మీద ముగ్గురు పెద్దమనుషులు, నడుమ స్టీలు చెంబు. దొంగ లేడు. పెద్దలు బట్టల బేళ్లు జరిపి చూశారు, గోనెసంచులు తట్టి చూశారు. బక్కమ్మ ఒక్కో బేలు దగ్గరికీ పోయి వంగి, "బిడ్డా, బయటికి రా. సర్వపిండి తెచ్చిన. నేనుండంగ నిన్నెవడు ముట్టడు" అని బుజ్జగించింది.

"దొంగ ఏడి?" అన్నాడు వెంకట్రాజం.

రాజేశ్వర్ రావు చాప మీంచి లేచాడు. ఇదంతా ఆట అని చెబితే రేపటినుంచి బ్యాంకులో ప్యూనైనా లెక్కచేస్తాడా? "పారిపోయిండు పెద్దాయనా" అన్నాడు.

"ఇప్పుడే" అన్నాడు రామలింగం చెంబును కాలితో వెనక్కి నెడుతూ. "గా కిటికీలకెళ్లి దుంకిండు."

గోదాముకు కిటికీ లేదు. అందరూ నాలుగు గోడలూ చూశారు.

వెంకట్రాజం సారంగపాణి వైపు తిరిగాడు. "అల్లుడా, నువ్వు చెప్పు. వీళ్లనేది నిజమేనా?"

అవునని తల ఊపితే చాలు, జనం తిట్టుకుంటూ ఇళ్లకు పోతారు. ఇది ఆటలో జరిగింది కాదు కాబట్టి రామలింగం లెక్కలోకి తీసుకోడు, అతడే అబద్ధమాడాడాయె. కాదంటే మాత్రం బతికున్నన్నాళ్లూ మట్టెవాడ నవ్వుతుంది. కొట్టులో ఒక్క రోజులో ఇలాంటి అబద్ధాలు ఎన్నాడతాడో సారంగపాణికే తెలియదు. కానీ ఈరోజు ఆదివారం. ఈ రెండు గంటలు కూడా పోతే ఇంక తన దగ్గర ఏముంటుంది? ఆ ఆలోచనకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అబద్ధం మామా" అన్నాడు. "దొంగే లేడు. గిది ఆట. నేను ధర్మవీరుణ్ని. గాయన మాంత్రికుడు. గీ చెంబుల చీటీలే మా పాచికలు."

పుస్తకం చూపించాడు. నియమాలు చెప్పాడు. రావు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. వాకిట్లో ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు వీధి దాకా పాకింది. సావిత్రి మాత్రం నవ్వలేదు. మొగుణ్ని కొత్తగా చూస్తున్నట్టు అలా నిలబడిపోయింది.

బక్కమ్మ మూట పట్టుకునే అడిగింది. "అంటే, ఆ పిలగాడు ఉత్తదేనా సేటూ?"

"ఉత్తదే అవ్వా."

"మరి నువ్వు మాటిచ్చింది?"

"అది నిజమే అవ్వా."

"ఇంకేంది మరి! ఇచ్చినంక వాణ్ని విడువుండ్రి. వాడున్నడా లేడా అన్నది తర్వాత."

నవ్వు ఆగిపోయింది. వెంకట్రాజం ఒక బేలు మీద కండువా దులిపి కూర్చున్నాడు. "పంచాయితీ పిలిచినంక తీర్పు లేకుండ లేచే రివాజు మనకు లేదు. రావు సాబ్, నీ వాదనేందో చెప్పు."

రావు మొదట నసిగాడు, తర్వాత పౌరుషమొచ్చి ముఠా సంగతి, ఇరుకు దారి సంగతి, అడవిలో తాము ఇద్దరే ఉన్న సంగతి చెప్పాడు. పెద్దలు తలలూపారు. బక్కమ్మ ఊపలేదు.

"ఒక్క మాట. వాడు దొంగతనానికెందుకొచ్చిండో మీల ఎవలన్న అడిగిన్రా?"

ఎవరూ అడగలేదు. పుస్తకంలోనూ లేదు. పెద్దలంతా రామలింగం వైపు చూశారు. చెమట తుడుచుకుని రామలింగం అప్పటికప్పుడు దొంగకు కరువొచ్చిన ఊరు, మంచాన పడ్డ తల్లి, ఎండిన మడి కల్పించాడు. మడి ఎండిపోయే ఘట్టానికి వచ్చేసరికి ఒక పెద్దాయన కండువాతో ముక్కు తుడుచుకున్నాడు.

"దొంగను వదలాలె" అన్నాడు వెంకట్రాజం. "వాడు దారి చెప్పకుంట బక్కమ్మది పూచీ. పంచాయితీల అబద్ధమాడిన ఇద్దరు అందరికి చాయ తాపియ్యాలె. అల్లుడు మాట మీద నిలబడ్డడు. గసుంటి మనిషి మన బజార్ల ఉన్నందుకు మనకే ఇజ్జత్."

రామలింగం చెంబులోంచి చీటీ తీశాడు. ఇరవై వచ్చింది. దొంగ ముఠా దగ్గరికి పోకపోగా కొండ వెనక అడ్డదారి చూపించాడని ఆయన ప్రకటించగానే గోదాం చప్పట్లతో మారుమోగింది. బక్కమ్మ సర్వపిండి విప్పి రావు చేతిలో పెట్టి, "తిను కొడకా, కోపం తగ్గుతది" అంది. రావు తిన్నాడు.

ఆ రాత్రి సారంగపాణి చిన్నపిల్లాడిలా నిద్రపోయాడు. సోమవారం షట్టరు ఎత్తేసరికే మెట్ల మీద ఆడవాళ్లు బారులు తీరి ఉన్నారు. ఆదివారం మాట అప్పటికే హన్మకొండ దాకా పోయింది. ఇంక తనకు తిరుగులేదని ఆయన గద్దె మీద కాస్త వెనక్కి వాలాడు.

అందరికన్నా ముందు అనసూయ అనే టీచరమ్మ ఎర్రచీర ఎత్తి వెలుగులో పట్టింది. "అబద్ధం ఆడవట గద సేటూ, అందుకే నీ దగ్గరికొచ్చినం. చెప్పు, రంగు పోతదా?"

ఇరవయ్యేళ్లుగా అలవాటైన జవాబు నాలుక చివరకు వచ్చింది. వెనక అంతమంది చెవులు రిక్కించి నిలబడ్డారు. సారంగపాణి కళ్లు మూసుకున్నాడు.

"పోతదమ్మా. రెండు ఉతుకులకే."

"మరి గా పచ్చది?"

"అది మొదటి ఉతుక్కే."

సాయంత్రానికి ధీరకేతుడి మహిమలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. చీరలూ అంతే.