మామగారి ట్రాక్టరు ఆయుష్షు

ఆ ఉదయం దర్జీ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇంటి వెనకున్న కాస్త నేలనూ మామగారి పాత ట్రాక్టరుతో దున్నేసి, వాన పడేలోగా విత్తనం చల్లి, మధ్యాహ్నానికల్లా కుట్టుమిషను ముందు కూర్చోవాలి. ట్రాక్టరు కావాలని అతను అడగను కూడా లేదు. మామగారే ముందురోజు తెచ్చి వాకిట్లో పెట్టి, తాళం చేతిలో పెట్టి వెళ్ళాడు. తన సైకిలునే ఎవర్నీ ముట్టుకోనివ్వని మనిషి అంత పని చేసేసరికి, పెళ్ళయిన ఇన్నేళ్ళకు అల్లుడి మీద గురి కుదిరిందని దర్జీ పొంగిపోయాడు.

రెండు చాళ్ళు దున్నాడో లేదో, ఎదురుగా ఉన్న మీటర్లలో ఒకదాని ముల్లు నీరసంగా ఎర్రగీత మీదికి ఒరిగిపోయింది. అది దేని మీటరో దర్జీకి తెలియదు. ఎర్రగీత మంచిది కాదని మాత్రం తెలుసు. ఇంజను ఆపి, పక్కింట్లో ఉండే రిటైరైన బస్సు డ్రైవరును పిలిచాడు.

డ్రైవరు వచ్చి మీటరు అద్దం మీద వేలితో తట్టాడు. "ఆయిల్ ప్రెషర్ పడిపోయింది అబ్బాయ్. ఇలాగే తోలావంటే లోపల ఇనుముకి ఇనుము రాసుకుని ఇంజను పట్టేస్తుంది. ఇక తుక్కుకి వేసుకోవడమే."

దర్జీకి పై ప్రాణాలు పైనే పోయాయి. "మామగారిది బాబాయ్."

"తెలుసు. అందుకే చెప్తున్నా. ఆయిల్ తక్కువై ఉంటుంది, పొయ్."

దర్జీ డబ్బా మొత్తం వంపేశాడు. ముందుగా కడ్డీ తీసి కొలత చూసుకోవాలన్న సంగతి డ్రైవరుకు డబ్బా ఖాళీ అయ్యాక గుర్తొచ్చింది. చూస్తే ఆయిల్ పై గీత దాటి ఎక్కడికో పోయింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే ముల్లు ఉన్నచోటే ఉంది గానీ, గొట్టంలోంచి నీలంగా పొగ లేచి పెరడంతా కమ్మేసింది. తీగ మీద ఆరేసిన డాక్టరుగారి తెల్లకోట్లు ఆ పొగలో ఒక్కొక్కటే మాయమయ్యాయి. సాయంత్రానికి ఇస్తానని దర్జీ మాటిచ్చిన కోట్లవి.

అప్పుడే మామగారు ఫోన్ చేశాడు.

"ఏం అల్లుడూ, దున్నుతున్నావా?"

"దున్నుతున్నానండీ మామయ్యా."

"పొగ గానీ వస్తోందా?"

దర్జీ దగ్గు బిగబట్టాడు. "అబ్బే, లేదండీ."

"శబ్దం గానీ?"

"పిల్లి నడిచినట్టుందండీ."

మామగారు నిట్టూర్చాడు. "అయితే భయపడకు. గట్టిగా తోలు. మధ్యలో ఆపకు, తెలిసిందా?"

ఇంత మంచి మనిషి బండినా తను పాడుచేసింది అనుకునేసరికి దర్జీకి ఏడుపొచ్చినంత పనయింది.

"చాంబరు విప్పి చూద్దాం," అన్నాడు డ్రైవరు. ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని ఆయన అలాగే అంటాడు.

"బస్సులు తోలే రోజుల్లో విప్పారా బాబాయ్?"

"విప్పుతుంటే చూశాను."

దర్జీ బండి కింద వెల్లకిలా పడుకుని బోల్టు తిప్పాడు. కింద పెట్టిన టబ్బులో పడవలసిన ఆయిల్ సగం అతని ముఖం మీద పడింది. డ్రైవరు పాపం జాలిపడి, చేతికందిన గుడ్డతో తుడిచాడు. కళ్ళు తెరిచి చూసేసరికి ఆ గుడ్డకు తను నిన్న కుట్టిన జేబు కనిపించింది.

"ఇది డాక్టరుగారి కోటు బాబాయ్."

"మెత్తగా ఉందిలే," అన్నాడు డ్రైవరు.

చాంబరు దిగింది. దానికీ ఇంజనుకీ మధ్య ఉండే ప్యాకింగు దిగుతూనే ముక్కలైపోయింది. ఆయిల్ పీల్చే గొట్టం చివరి జాలీ నల్లటి మడ్డితో పూర్తిగా పూడిపోయి ఉంది. బోల్టులన్నీ గోనెసంచి మీద చల్లినట్టు పడి ఉన్నాయి. వాటి మధ్య దర్జీ తల పట్టుకుని కూలబడ్డాడు. ఈ జన్మకు మామగారి గడప తొక్కలేననిపించింది.

కిటికీలోంచి చూసిన భార్యకు మనసు ఆగలేదు. చాటుగా పుట్టింటికి ఫోన్ చేసింది.

"నాన్నా, ట్రాక్టరు పాడైపోయింది. ఇంజను ముక్కలన్నీ నేల మీదున్నాయి. ఆయన్నేమీ అనకు."

"అననమ్మా, అనను," అన్నాడు తండ్రి గబగబా. "ఒక్క ముక్క కూడా ముట్టుకోవద్దని చెప్పు. ఇప్పుడే మీ అమ్మను వెంటబెట్టుకుని వస్తున్నా."

భార్య పరుగున వచ్చి ఆ మాట చెప్పింది. దర్జీ ముఖాన అంత ఆయిల్ ఉన్నా పాలిపోవడం తెలిసింది.

"మీ అమ్మను కూడా తెస్తున్నారా? అంటే తిట్లు ఆయనొక్కడి వల్ల అయ్యేవి కావన్నమాట."

"ముట్టుకోవద్దన్నారండీ."

"ఎందుకు ముట్టుకోవద్దటా? ఇలా ముక్కలుగానే మీ అమ్మకు చూపించి నా పరువు తీయాలని కదూ," అంటూనే దర్జీ లేచాడు.

ఆ తర్వాత అతనికి ఒళ్ళు తెలియలేదు. భార్య డీజిల్‌లో ముంచిన పాత బ్రష్షుతో జాలీ తోమింది. ప్యాకింగుకు అట్ట ఎక్కడా దొరకలేదు. కోట్ల కొలతలు గీసుకునే మందపాటి అట్టనే చాంబరు అంచు మీద పరిచి, సుద్దతో గీసి, చొక్కా కాలరు కత్తిరించినట్టు కత్తిరించాడు. డ్రైవరు పానా పట్టాడు. బోల్టులు బిగుస్తుండగా వాన మొదలైంది. దున్నని నేల చూస్తుండగానే బురదైపోయింది. విత్తనాల సంచీ తడిసింది. తీగ మీద మిగిలిన కోట్లు తీసేవాళ్ళు లేక మసి రంగు నీళ్ళు కారుస్తున్నాయి. ఎవరూ అటు చూడలేదు.

డ్రైవరు తెప్పించిన కొత్త ఆయిల్ ఈసారి గీత దాకానే పోసి, దర్జీ కళ్ళు మూసుకుని తాళం తిప్పాడు.

"లేచింది అబ్బాయ్," అన్నాడు డ్రైవరు మెల్లగా.

ముల్లు నడిమధ్యకు వచ్చి కదలకుండా నిలబడింది. పొగ లేదు. ఇంజను నిజంగానే పిల్లి నడిచినట్టుంది.

అత్తగారూ మామగారూ గొడుగు కింద గబగబా వచ్చారు. "చూడు, నీ కళ్ళతోనే చూడు," అంటూ వస్తున్న మామగారు గేటు దగ్గరే ఆగిపోయాడు. ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఏదీ, చచ్చిపోయిందన్నారు?" అంది అత్తగారు.

"చావడమా?" అన్నాడు డ్రైవరు. "మీ అల్లుడి చేయి పడింది. ఇంకో పదేళ్ళు ఢోకా లేదమ్మా."

అత్తగారు భర్త వైపు తిరిగింది. "విన్నారుగా. ఇది ఆగిపోయేదాకా కొత్త ట్రాక్టరు మాటెత్తొద్దన్నాను. ఇంక పదేళ్ళు ఎత్తకండి."

ఆవిడ లోపలికి వెళ్ళాక మామగారు వానలోనే ట్రాక్టరుకు ఆనుకుని నిలబడ్డాడు. "ఏడాది నుంచి ఆ ముల్లు అలా పడిపోతూనే ఉంది అల్లుడూ," అన్నాడు నీరసంగా. "నా చేతిలో ఎంత తోలినా చావలేదు. నీకు బండ్ల సంగతి బొత్తిగా తెలియదు కదా అని ఎంతో నమ్మకంతో ఇచ్చాను."

దర్జీ క్షమించమన్నాడు.

వెళ్ళేముందు అత్తగారు అల్లుడి భుజం తట్టి, ఇంటి దగ్గర నీళ్ళ మోటారు కూడా మూలుగుతోందనీ, వీలు చూసుకుని వచ్చి ఓ చేయి వెయ్యమనీ చెప్పింది. ఆ మోటారు మీద కూడా మామగారు చాలా ఆశలు పెట్టుకుని ఉన్నాడు.