ఆన్సర్ కీలో లేని ఒంటె

"వరంగల్‌ను మతిమరుపు లేని మహానగరంగా తీర్చిదిద్దుతాం!" అని మంత్రిగారు, ఇంటింటా మగ్గాలుండే మా కొత్తవాడ కమ్యూనిటీ హాల్లో ప్రకటించారు. మైక్ సెట్టు నాదే కాబట్టి ఈ చారిత్రక మాటను అందరికంటే ముందు విన్న భాగ్యం నాది.

అరవై దాటినవాళ్లందరికీ మెదడు పరీక్ష. అది ఇంగ్లిషులోనే ఉంటుంది. తెలుగులో అడిగితే స్టాండర్డ్ పడిపోతుందని ప్రాజెక్టు ఆఫీసర్ ఓంప్రకాశ్ గారు సెలవిచ్చారు. ముప్పైకి పది రాకపోతే మెదడు పనిచేయనట్టే. అలాంటివాళ్లు ప్రమాదం తెచ్చుకోకుండా ఇంట్లో మగ్గానికి సీలు వేస్తారు. ప్రజల ప్రాణాల మీద ప్రభుత్వానికి అంత శ్రద్ధ.

మొదటి పేరు కళావతమ్మది. నలభై ఏళ్లుగా జంపఖానాలు నేస్తోంది, ఒంటరి మనిషి. పక్కింటి ఆనందరావు సారును చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన రిటైరైన ఇంగ్లిష్ టీచర్. మొన్న పాల ప్యాకెట్ కోసం బయల్దేరి కాజీపేట స్టేషన్లో దొరికారు. అప్పట్నుంచి ఆయన గడప దాటితే కళావతమ్మ వెంట ఉండాల్సిందే.

పరీక్ష పెట్టే సుప్రియ మేడం ట్యాబ్ చూసి చదివింది. "స్పెల్ వరల్డ్ బ్యాక్‌వర్డ్స్."

కళావతమ్మకు 'బ్యాక్' ఒక్కటే అర్థమైంది. లేచి, కుర్చీని వెనక్కి తిప్పి, గోడకేసి చూస్తూ కూర్చుంది.

"అసాధారణ ప్రవర్తన" అని మేడం రాసుకుంది. తర్వాత ఒక బొమ్మ చూపించింది.

"ఒంటె" అంది కళావతమ్మ ధైర్యంగా.

"క్యామెల్ అనాలమ్మా."

"రెండూ ఒకటే కదా బిడ్డా?"

"ఆన్సర్ కీలో ఒంటె లేదు."

"జర తెలుగుల అడుగు బిడ్డా. నిన్న నేసిన దాంట్ల ఏ రంగెనుక ఏ రంగొచ్చిందో కండ్లు మూసుకొని చెప్త."

"అవుటాఫ్ సిలబస్" అన్నారు ఓంప్రకాశ్ గారు.

ముప్పైకి రెండు వచ్చాయి. రెండుసార్లు 'ఓకే' అన్నందుకు.

తర్వాత ఆనందరావు సారు.

"వాట్ ఇయర్ ఈజ్ దిస్?"

"ఎన్ ఎక్సలెంట్ క్వశ్చన్, మై డియర్ చైల్డ్!"

మేడం పులకించిపోయి మార్కులేసింది.

"వేర్ ఆర్ వీ నౌ?"

"వి ఆర్ ఆల్ ఇన్ ద హ్యాండ్స్ ఆఫ్ ద ఆల్మైటీ!"

ఆల్మైటీ అంటే తననే అనుకుని మంత్రిగారు వినయంగా నమస్కరించారు. ముప్పైకి ఇరవై తొమ్మిది! ఒక జవాబు మేడానికే అర్థం కాలేదట, అందుకని ఒకటి తగ్గింది.

ఇంతలో ఇద్దరు సిబ్బంది లక్క, కొవ్వొత్తి పట్టుకుని కళావతమ్మ ఇంటికి బయల్దేరారు.

ఆమె ఓంప్రకాశ్ గారి వైపు తిరిగింది. "సగం నేసిన పని మగ్గం మీదున్నది సారూ. అది ఆగితే నేనేం జెయ్యాలె?"

"ఫికర్ చేయకమ్మా. పరీక్షలో ఇరవై అయిదు మార్కులు దాటిన గార్డియన్ ఎవరైనా బాధ్యత తీసుకుంటే రోజుకు రెండు గంటలు నేసుకోవచ్చు" అన్నారు ఓంప్రకాశ్ గారు.

అప్పటికి కొత్తవాడ మొత్తంలో ఇరవై అయిదు దాటింది ఒక్కరే. మంత్రిగారు స్వయంగా కళావతమ్మ చేతిని ఆనందరావు సారు చేతిలో పెట్టారు. "ఇకనుంచి ఈమె మీ బాధ్యత మాస్టారూ."

ఆయన తల ఊపి, కాగితం అందుకుని, పెన్ను పట్టుకుని ఆగారు. కళావతమ్మ వైపు వంగి మెల్లగా అడిగారు.

"నా పేరేందమ్మా?"

"ఆనందరావు సారూ" అంది ఆమె, ఇంకా మెల్లగా.

ముత్యాల్లాంటి ఇంగ్లిషు అక్షరాల్లో సంతకం పడింది. హాలంతా చప్పట్లు.

"ఫొటో సరిగ్గ రాలే సారూ, మళ్లొక్కసారి సంతకం పెట్టుండ్రి" అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఆయన మళ్లీ కళావతమ్మ వైపు వంగారు.