అడగకుండానే తోసిన కారు

గురువారం పొద్దున్న రమ్జీ వేసుకున్న పథకం చిన్నది. కారు దగ్గరికి వెళ్లి ఒక్కో మూలనీ అరచేతులతో గట్టిగా నొక్కి వదలాలి. పైకి లేచి ఆగిపోతే ఆ చక్రం దగ్గరి షాక్ అబ్జార్బరు బాగున్నట్టు. ఊగుతూనే ఉంటే పోయినట్టు. పోయినవాటినే బాగుచేయిస్తే ఖర్చు కలిసొస్తుంది.

కలిసిరాకపోతే కారు పోతుంది. పెదనాన్న పోతూ పోతూ ఇచ్చిన రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు అది. వాళ్లుండే షుబ్రా పేటలో జనం ఎవరి గుమ్మం ముందు వాళ్లు సిమెంటుతో పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు దాని నడుం విరగ్గొట్టాయి. భార్య సఫీనాజ్‌కి ఏడో నెల. "ఇందులో ఎక్కితే మీ బిడ్డ ఆస్పత్రి దాకా ఆగదు. రేపు నమాజు అయ్యాక అన్నయ్య కొనేవాణ్ని తీసుకొస్తాడు. ఈలోపు బాగుచేయించారా సరే, లేదా అమ్మెయ్యండి," అని తేల్చేసింది.

ఆ వీధిలో చోటు దొరకనివాళ్లు ఇంకో బండికి అడ్డంగా పెట్టి, గేరు తీసి, హ్యాండ్ బ్రేకు వదిలి వెళ్తారు. దారి కావలసినవాడు తోసుకుంటాడు. రమ్జీ కారూ అలాగే ఉంది. తాళంచెవి పైన ఇంట్లో, ప్యాంటు జేబులో ఉంది. రమ్జీ పైజమాలో ఉన్నాడు.

వెనక మూలను ఒకసారి నొక్కాడో లేదో, వాచ్‌మన్ సాబిర్ బెంచీ మీంచి లేచాడు.

"అయ్యో సారూ, ఒక్కరే తోస్తున్నారా? మేం చచ్చామా?"

"తోయట్లేదు బాబాయ్, నొక్కుతున్నా."

"నొక్కితే కదలదు సారూ! ఒరేయ్, రండ్రా!"

ఉడకబెట్టిన బీన్స్ అమ్మే బండి దగ్గర టిఫిన్ చేస్తున్నవాళ్లు రొట్టెలు చేత్తో పట్టుకునే వచ్చారు. ఇస్త్రీ కొట్టాయన పెట్టె దించి వచ్చాడు. తాళం పడని తలుపు తీసి రమ్జీని స్టీరింగు ముందు కూర్చోబెట్టారు.

"ఇంజిన్ బాగానే ఉందయ్యా!" అని రమ్జీ మొత్తుకున్నాడు.

"అందరూ అదే అంటారు. ఇందులో సిగ్గేముంది సారూ!" అన్నాడు ఇస్త్రీ ఆయన.

రమ్జీ బ్రేకు తొక్కాడు. "చక్రం పట్టేసింది! ఇంకో నలుగురు రండి!" అని కేక వినిపించింది. నలుగురు వచ్చారు. ఎవరి చెయ్యి విరుగుతుందో అని అతనే బ్రేకు వదిలాడు. కారు ముందుకు పోయింది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "తాళం! తాళం పడెయ్!" అని బాల్కనీకేసి ఊపాడు. అక్కడ నిల్చున్న సఫీనాజ్‌కి మాట వినపడలేదు, చెయ్యి కనపడింది. కొనేవాడు రాకముందే మొగుడు కారు దాచేస్తున్నాడనీ, పైగా టాటా చెబుతున్నాడనీ ఆమెకు అర్థమైంది. తాళంచెవి తీసుకుని, టాక్సీ పిలిచి వెనకాలే బయల్దేరింది.

వీధి చివర పుచ్చకాయల వ్యాను ఆగింది. డ్రైవరు ఏమీ అడగలేదు, తాడు తీసి కారుకి కట్టాడు. తోసినవాళ్లు పుచ్చకాయల మీద కూర్చున్నారు. ఊరేగింపు ఫిక్రీ మెకానిక్ షెడ్డు ముందు ఆగేసరికి, "ఇంజిన్ పోయింది ఉస్తాద్," అని అందరూ ఒకేసారి చెప్పారు. ఫిక్రీ బానెట్ ఎత్తి స్పానర్ పెట్టాడు.

"ఆ చెయ్యి తియ్! ఇంజిన్‌కేం కాలేదు, పోయింది షాకులు!" అని రమ్జీ అరిచాడు.

ఎవరూ నమ్మలేదు. అప్పుడే టాక్సీ దిగిన సఫీనాజ్ కారులో కూర్చుని తాళం తిప్పింది. ఇంజిన్ వెంటనే స్టార్టయింది.

"మరి మేమెందుకు తోశాం?" అన్నాడు సాబిర్.

"దాచడానికి కాదా?" అంది సఫీనాజ్.

రమ్జీ మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. విన్నాక ఆమె నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుని స్టూలు మీద కూలబడింది. తలా ఒక మూల నొక్కి చూశారు. ముందువి ఆగాయి, వెనకవి ఊగాయి.

"కొత్తవి ఇటలీ నుంచి రావాలి. వాటి ఖరీదుకి ఈ కారే వస్తుంది," అన్నాడు ఫిక్రీ. "కానీ ఈ పాతకాలంవి విప్పొచ్చు. లోపలి రబ్బరు సీళ్లు మార్చి కొత్త ఆయిల్ పోస్తే ఇంకొన్నేళ్లు లాగుతాయి. సీళ్లకీ ఆయిలుకీ ఇవ్వండి చాలు. ఇంతమంది తీసుకొచ్చిన బండికి కూలి తీసుకుని మొహం ఎక్కడ పెట్టుకోను?"

పుచ్చకాయలాయన ఒక కాయ కోశాడు. సాయంత్రానికి పని అయింది. ఇంటిముందు స్పీడ్ బ్రేకరు దగ్గర సఫీనాజ్ అలవాటుగా కళ్లు మూసుకుంది. కారు కుదుపు లేకుండా దాటేసింది. ఆమె కళ్లు తెరిచి అన్నయ్యకు ఫోన్ చేసి, "రేపు నువ్వొక్కడివే రా, భోజనానికి," అంది. ఆ రాత్రి రమ్జీ తోసినవాళ్లందర్నీ పేరుపేరునా తలుచుకున్నాడు.

శుక్రవారం పొద్దున్న కింద పార చప్పుడైంది. రమ్జీ బాల్కనీలోంచి చూశాడు. సాబిరూ ఇస్త్రీ ఆయనా మిగతావాళ్లూ పాత స్పీడ్ బ్రేకరు మీద సిమెంటు పోస్తున్నారు.

"నిన్న మీ కారు దీన్ని లెక్కచెయ్యకుండా దూసుకొచ్చింది సారూ!" అని సాబిర్ కిందినుంచి కేకేశాడు. "రేపు అందరూ అలాగే వస్తే ఎలా? ఇంట్లో పసిబిడ్డ తిరగబోతోంది. మీరడగాలా ఏం? మేమే ఎత్తు పెంచుతున్నాం!"

రమ్జీ అందరికీ టీ పెట్టించి, పళ్లెం తనే కిందికి తీసుకెళ్లాడు. సిమెంటు కాస్త పల్చగా పొయ్యమని మాత్రం, రెండో విడత టీ ఇస్తూ అడిగాడు.