ఎర్ర పట్టీకి వెయ్యి దండాలు

టీవీ తెర అడుగున రోజంతా పరిగెత్తే ఆ ఎర్ర పట్టీ లేకపోతే మన సంసారాలు ఏమైపోయేవో ఎప్పుడైనా ఆలోచించారా? ఆలోచించి ఉండరు. బ్రేకింగ్ న్యూస్ చూస్తూ ఉంటారు గనక తీరిక దొరికి ఉండదు. అందుకని మీ తరఫున నేనే ఆలోచించాను.

ఇరవై నాలుగ్గంటల వార్తల కంటే మేలైన వస్తువును మనిషి ఇంతవరకూ కనిపెట్టలేదు! అవి బుర్ర పాడుచేస్తున్నాయని, ఇళ్ళల్లో మాటామంతీ లేకుండా చేస్తున్నాయని గొణిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మాటామంతీ వల్ల ఏ కాపురం బాగుపడింది చెప్పండి?

నేను మా అరబ్బు దేశపు రాజధాని అమ్మాన్‌లో ఒక దినపత్రికకు యాత్రా వ్యాసాలు రాస్తుంటాను. ఊళ్ళు తిరగడం, చూసిందీ తిన్నదీ రాయడం నా పని. అలాంటివాడికి వార్తలతో ఏం సంబంధం అంటారా? అయ్యా, నన్ను మనిషిని చేసిందే వార్తలు!

పూర్వం ప్రయాణం నుంచి తిరిగొస్తే నన్ను పలకరించే దిక్కుండేది కాదు. "వచ్చావా? మాకేం తెచ్చావ్?" అనేవాళ్ళు, అంతే. ఇప్పుడో? కిందటేడు ఒక కొండల దేశానికి వెళ్ళాను. పేరెందుకు లెండి, పాపం వాళ్ళ తప్పేమీ లేదు. వాగు ఒడ్డున పడుకుని, ద్రాక్షపళ్ళు తింటూ, ఫోను కట్టేసి కులాసాగా ఉన్నాను. అక్కడెక్కడో ఒక సందులో చెత్తకుప్పకు నిప్పంటుకుందట. ఆ పొగ మా ఛానళ్ళకు ఒక రోజంతా గడిచిపోవడానికి సరిపోయింది.

నేను ఇంటికొచ్చేసరికి వీధిలో టెంటు, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. ఎవరో పోయారనుకుని, పెట్టె పక్కన పెట్టి, నేనూ ఒక కుర్చీలో కూర్చున్నాను. ఖర్జూరాలు ఇచ్చారు, తిన్నాను. ఎదురు కుర్చీలో ఉన్న పక్కింటి అబూ రకాన్ నన్ను చూసి కళ్ళు నులుముకున్నాడు.

"నువ్వు బతికే ఉన్నావటయ్యా?" అన్నాడు కాస్త నిష్ఠూరంగా. "ఆ ఊళ్ళో ఒక్కడూ మిగల్లేదన్నట్టు చూపించారే!"

"నేను వేరే ఊళ్ళో ఉన్నానండీ."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ? పొద్దుట్నుంచీ నీ గురించి మంచి మాటలు వెతుక్కోలేక చచ్చాం."

వింటున్నారా? బతికుండగానే నలుగురూ కూర్చుని నా గురించి మంచి మాటలు వెతికారు! వార్తలు లేకపోతే ఈ భాగ్యం నాకు ఎక్కణ్ణుంచి వచ్చేది?

వృత్తిలోనూ అంతే. ఆ ప్రయాణం మీద వ్యాసం పట్టుకుని ఎడిటర్ దగ్గరికి వెళ్ళాను. "అక్కడ ఏం జరిగింది?" అన్నాడాయన, టీవీ మీంచి చూపు తిప్పకుండా. ఏమీ జరగలేదండీ, ద్రాక్ష బాగుంది, మనుషులు మంచివాళ్ళు అన్నాను. "ఏమీ జరగని చోటికి ఎందుకు తగలడ్డావయ్యా?" అని కసిరాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? అప్పటి నుంచి మంచివాళ్ళ గురించి రాయడం తగ్గించేశాను. ఎంతో శ్రమ కలిసొచ్చింది.

ఇక ఇంట్లో శాంతి సంగతి చూడండి. మా ఆవిడ నజాహ్, నేనూ ఒకప్పుడు చిన్న చిన్న విషయాలకే కీచులాడుకునేవాళ్ళం. ఇప్పుడు ఆవిడ నోరు తెరవబోతే ఎర్ర పట్టీ వస్తుంది. నేను నోరు తెరవబోతే యాంకర్ అరుస్తాడు. మొన్న ఇంట్లో గ్యాస్ అయిపోయిన రోజునే సిలిండర్లమ్మే బండి పాట మోగించుకుంటూ మా ఇంటి ముందు నుంచే వెళ్ళిపోయింది. ఇద్దరం వినలేదు. ఎవరిని ఎవరు తిట్టాలో తేలక, ఆ పూట రొట్టె, ఆలివులు తిని మళ్ళీ టీవీ ముందు కూర్చున్నాం. ఇంత అన్యోన్యంగా కొత్త దంపతులైనా ఉంటారా?

మా అబ్బాయి సుహైబ్ పెళ్ళి విషయంలో అయితే వార్తలు చేసిన మేలు మరీ గొప్పది.

వాడు లుజైన్ అనే అమ్మాయిని ఇష్టపడ్డాడు. ఆ అమ్మాయీ వీణ్ణి ఇష్టపడింది. తండ్రి అబూ కుతైబాది సల్త్ పట్నం, పట్టింపుల మనిషి. కుర్రాణ్ణి నెలల తరబడి తిప్పుకుని, చివరికి "సరే, మర్యాదగా పెద్దమనుషుల్ని తీసుకురమ్మనండి" అన్నాడు. ఆ మర్యాదలో వెంట్రుకవాసి తేడా వచ్చినా పిల్లనివ్వడని ఊరందరికీ తెలుసు. సుహైబ్‌కి అన్నం సహించడం మానేసింది.

మా మర్యాదలు మీకు తెలిసినవే. మగపెళ్ళివారి పెద్ద ముందు కాఫీ పెడతారు. ఆయన ముట్టుకోడు. "మా మాట చెల్లించేదాకా ఇది తాగం" అంటాడు. పిల్ల తండ్రి "ఇచ్చాం, తాగండి" అనాలి. అప్పుడే తాగాలి. ముందే తాగేస్తే, మాకు మీతో పనేమీ లేదని చెప్పినట్టే!

మా తరఫు పెద్దగా మమ్‌దూహ్ గారిని తీసుకెళ్ళాం. ఆయన మా దూరపు బంధువు, టీవీలో వార్తలు చదివి రిటైరైన మనిషి. ఒక తరం తరమంతా ఆయన గొంతు వింటూ భోజనాలు చేసింది. అంత గొంతు అడిగాక ఎవరు కాదనగలరు?

అబూ కుతైబా ఇంట్లో మగవాళ్ళందరం పెద్ద గదిలో గోడల వెంట కూర్చున్నాం. ఆడవాళ్ళు లోపలి గదిలో ఉన్నారు. ఎదురుగా టీవీ నడుస్తోంది. మా మీది గౌరవంతో శబ్దం ఆపేశారు. టీవీనే ఆపేసేంత అమర్యాదస్థుడు కాదు అబూ కుతైబా.

మమ్‌దూహ్ గారి ముందు కాఫీ పెట్టారు. ఆయన నడుం నిటారు చేశారు. సరిగ్గా అప్పుడే తెర మీద ఎర్ర పట్టీ వచ్చింది.

పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు? పట్టీ కనబడగానే ఒక గుక్క తాగి, గొంతు సవరించుకుని చదవడం ఆయన ఉద్యోగమంతా చేసిన పని. కాఫీ అందుకున్నారు. తాగేశారు. గొంతు సవరించుకున్నారు.

"ఇప్పుడే అందిన వార్త! కాసేపట్లో ముఖ్యమైన ప్రకటన వెలువడనుంది!"

ఎంత గొప్పగా చదివారనుకున్నారు! మా తమ్ముడైతే చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు. అబూ కుతైబా ఖాళీ కప్పు వంక చూశాడు.

"పెద్దాయన కాఫీ తాగేశారు. ఇంక అడగాల్సింది ఏమీ లేదన్నమాట. సంతోషం, వెళ్ళి రండి."

సుహైబ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. మమ్‌దూహ్ గారు కప్పును రెండు చేతులతో మూసి పట్టుకుని కూర్చున్నారు. అప్పుడు, అంతసేపూ లోపలి గది తలుపు సందులోంచి తొంగిచూస్తున్న అబూ కుతైబా తల్లి, హజ్ చేసొచ్చిన హాజ్జా విదాద్, తలుపు తోసుకుని కర్ర ఊపుకుంటూ వచ్చింది.

"ఒరేయ్, ఆయన తాగింది టీవీ కోసంరా, పిల్ల కోసం కాదు! పిల్ల కోసం ఇంకో కప్పు పొయ్యండి!"

"అమ్మా, మర్యాద..."

"మర్యాదంట! మీ నాన్న నన్ను అడగడానికొచ్చిన రోజు కప్పు ఒంపుకుని బట్టలన్నీ పాడుచేసుకున్నాడు. మా నాన్న నన్నిచ్చాడా లేదా? నువ్వు పుట్టావా లేదా? ముందు ఈ దరిద్రాన్ని ఆపు!"

ఆవిడే వెళ్ళి ప్లగ్గు పీకేసింది. తెర నల్లబడింది.

చూశారా, వార్తలు లేకపోతే ఆవిడ బయటికి వచ్చేదేనా? అబూ కుతైబా మెత్తబడేవాడేనా? కొత్త కాఫీ వచ్చింది. అయితే ఆ ముఖ్యమైన ప్రకటన ఇంకా రాలేదు కదా! అది ఏమై ఉంటుంది? పన్నులా? పెట్రోలా? సెలవా? గదిలో ఒక్కొక్కరి జేబులోంచీ ఫోను బయటికొచ్చింది. నేనూ తీశాను. పత్రికల వాణ్ణి, నాకు తప్పుతుందా? వెనకెక్కడో మమ్‌దూహ్ గారి గొంతు గంభీరంగా ఏదో చెబుతోంది. ఆ గొంతు వింటూ ఫోన్లో వేలు తోస్తుంటే చిన్నప్పటి సాయంత్రాల్లో ఉన్నంత హాయిగా అనిపించింది.

ఎవరో నా భుజం తట్టారు. సుహైబ్.

"నాన్నా, ఇచ్చేశారు!"

"ఏ ఛానల్లో రా?" అన్నాను.

వాడు నవ్వలేదు. "ఈ గదిలోనే నాన్నా" అన్నాడు.

తలెత్తి చూస్తే అబూ కుతైబా మమ్‌దూహ్ గారిని కావలించుకుని ఉన్నాడు. కునాఫా మిఠాయి పళ్ళాలు వస్తున్నాయి. లోపల ఆడవాళ్ళు కేరింతలు కొడుతున్నారు. నేను లేచి అందరినీ కావలించుకుని బుగ్గల మీద ముద్దులు పెట్టాను, అందరికంటే గట్టిగా నవ్వాను. ప్రకటన ఈ రోజు వరకూ రాలేదు.

తిరుగు ప్రయాణంలో కారెక్కగానే నజాహ్ నావైపు తిరిగి కూర్చుంది. ఆవిడ కళ్ళు మెరిసిపోతున్నాయి. అంత ఉత్సాహంగా నాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో!

"మాకు లోపల ఒక్క ముక్క వినబడలేదు. నువ్వు అక్కడే ఉన్నావుగా, మొదట్నుంచీ చెప్పు. ఆయన 'ఇచ్చాను' అన్నప్పుడు మొహం ఎలా పెట్టాడు? కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడా? మనవాడు ఏమన్నాడు?"

ముక్కూమొహం తెలియని ఊళ్ళలో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఎలా నవ్వారో, ఎలా ఏడ్చారో రాసి బతికే మనిషిని నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

వెనక సీట్లో సుహైబ్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"వాణ్ణడుగు," అన్నాను. "వాడు అక్కడ ఉన్నాడు."