కారులో ఇరుక్కున్న పాట

మానవజాతి ఎంత ముందుకు వెళ్లిందో కొలవడానికి కారును మించిన సాధనం లేదు. ఏటా దాంట్లోంచి ఒక వస్తువు మాయమవుతూ ఉంటే మనం ముందుకు వెళ్తున్నట్టు లెక్క. మొదట యాష్‌ట్రే పోయింది. తర్వాత తాళంచెవి పెట్టే రంధ్రం పోయింది. కొన్నిట్లో స్టెప్నీ పోయి, దాని స్థానంలో ఒక ఫోన్ నంబరు వచ్చింది. ఆఖరున సీడీ ప్లేయరు పోయింది. దాని స్థానంలో ఏమీ రాలేదు. (వచ్చిందనీ, దాని పేరు "అనుభవం" అనీ కంపెనీల వాదన. అనుభవాన్ని చేత్తో పట్టుకుని చూపించమనడం మర్యాద కాదు.)

ఈ పురోగతి అశోక్‌నగర్ జగదీశ్వర్‌కు కాస్త ఆలస్యంగా తెలిసింది. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీకి దగ్గర్లో దుకాణం ఉంది. పెన్నులు, గైడ్లు, ముఖ్యంగా దరఖాస్తు ఫారాలు అమ్ముతాడు. సర్కారు కొలువులకు చదివే రెండు తరాల పిల్లలు ఆయన కౌంటరు మీద మోచేయి ఆనించే తమ మొదటి ఫారం నింపారు. ఏ గడిలో పెద్ద అక్షరాలు రాయాలో, ఏ గీత దాటితే సంతకం చెల్లదో ఆయన కళ్లు మూసుకుని చెప్పగలడు. ప్రపంచంలో ఏ కష్టానికైనా ఎక్కడో ఒక ఫారం ఉంటుందనీ, దాన్ని తప్పులేకుండా నింపితే పని జరిగి తీరుతుందనీ ఆయన నమ్మకం. ఇది తప్ప ఆయనకు దురలవాట్లు లేవు.

ఆయన కారుకు పదిహేనేళ్లు. రెండేళ్లుగా దానికి రివర్సు గేరు పడదు. అందుకని ముందుకే వెళ్లి ముందుకే బయటపడగలిగే చోట్లకే ఆయన వెళ్లేవాడు. దాంతో సందు చివర ఇళ్లున్న బంధువులందరితో రాకపోకలు తెగిపోయాయి. (మూలమలుపు ఇళ్లవాళ్లతో సంబంధాలు బాగా బలపడ్డాయి.) అయినా ఆయన ఆ కారును వదలకపోవడానికి కారణం, అందులో ఇరుక్కుపోయిన ఒక సీడీ.

ఆ సీడీ ఆయన భార్య అరుంధతిది. ఆమె విద్యానగర్‌లో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. ఒకప్పుడు పాడేది. పద్నాలుగేళ్ల కింద నారాయణగూడలో ఒక చిన్న స్టూడియోలో ఎనిమిది పాటలు రికార్డు చేయించుకుంది. రాసిందీ, బాణీ కట్టిందీ తనే. స్టూడియోవాళ్లు ఒక సీడీ చేతిలో పెట్టి, మిగతావి వచ్చే వారం ఇస్తామన్నారు. వచ్చే వారం వెళ్తే అక్కడ స్టూడియో లేదు, సెల్‌ఫోన్ కవర్ల షాపు ఉంది. నాలుగేళ్లకు ఆమె గొంతులో గడ్డ లేచి ఆపరేషన్ అయింది. మాట తిరిగి వచ్చింది, పాట రాలేదు. ఆమె దాని గురించి ఎవరితోనూ మాట్లాడదు. ఆ మరుసటి ఏడాదే సీడీ ప్లేయరు మొరాయించింది. సీడీ పాడుతుంది కానీ బయటికి రాదు.

అశోక్‌నగర్ నుంచి విద్యానగర్‌కు ట్రాఫిక్ బాగుంటే రెండు పాటల దూరం, మామూలు రోజైతే ఐదు పాటల దూరం. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, వింటున్నట్టు కనబడకుండా వింటుంది. మూడో పాటలో ఒకచోట ఊపిరి అందక స్వరం కొద్దిగా జారుతుంది. అక్కడికి రాగానే చెయ్యి చాచి సౌండ్ తగ్గిస్తుంది. తొమ్మిదేళ్లుగా ఇదే వరస.

నారాయణగూడలో మెకానిక్ బుచ్చిబాబు ప్లేయరును టార్చి వేసి చూశాడు. ఆయనది కాకినాడ, అబద్ధం చెప్పడు. "తియ్యొచ్చండీ. తీశాక అది సీడీగా ఉంటుందో లేదో మాత్రం చెప్పలేనండీ," అన్నాడు. ప్లేయరునే ఊడదీద్దామంటే, ఈ మోడల్లో అదీ డ్యాష్‌బోర్డూ ఒకే ముక్కట.

ఏప్రిల్ మొదటివారంలో కారు ఆగిపోయి, దాన్ని ముగ్గురు తోయవలసి వచ్చినప్పుడు అరుంధతే కొత్తది కొందామంది. ఇద్దరూ లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర ఒక షోరూమ్‌కు వెళ్లారు. సాయిచైతన్య అనే యువకుడు ఎదురొచ్చాడు. అతని మెడలో వేలాడే కార్డు మీద "అనుభవ సలహాదారు" అని ఉంది. అతను తలుపులు తెరిచి, సీట్లు వంచి, పైకప్పు తీసి ఆకాశం చూపించాడు. అంతా అయ్యాక జగదీశ్వర్ సీడీ ఎక్కడ పెట్టాలని అడిగాడు. సాయిచైతన్య కాసేపు కారునంతా వెతికి, ఇందులో పదకొండు కప్పులు పెట్టుకునే చోట్లున్నాయనీ, దేంట్లోనైనా సీడీ నిలబడుతుందనీ చెప్పాడు.

"నిలబడితే పాడుతదా?" అన్నాడు జగదీశ్వర్.

"సర్, ఇప్పుడు పాటలన్నీ పైన క్లౌడ్‌ల ఉంటయి. మీరు పేరు చెప్తే దిగొస్తది."

"మా పాట పైన లేదు నాయనా. కార్ల ఇరుక్కుంది."

కొత్త కారు బుక్ అయింది, వారంలో వచ్చింది. మార్పిడి కింద పాత కారును ముప్పై రోజుల్లోగా షోరూమ్‌కు అప్పగించాలన్నది ఒప్పందం. అందులో పద్నాలుగో నిబంధన ప్రకారం పాత కారులో మొదట ఉన్న ప్రతి భాగమూ ఉండాలి, సీడీ ప్లేయరుతో సహా. అంటే కొత్త కారులో ప్లేయరు ఉండకూడదు, పాత కారులో లేకుండా ఉండకూడదు. జగదీశ్వర్ దాన్ని రెండుసార్లు చదివి, రాసినవాడి పనితనాన్ని లోలోపల మెచ్చుకున్నాడు.

మొదటి రోజే ఆయన పాత కారులో కూర్చుని ఎనిమిది పాటలూ ఫోన్‌లోకి ఎక్కించాడు. ఫోన్‌లో అరుంధతి ఫ్రిజ్‌లోంచి పాడుతున్నట్టు ఉంది. సరే, అదైనా దక్కిందని కొత్త కారుకు కలిపాడు. కారు పాడలేదు. "గుర్తింపు లేని ధ్వని" అని తెర మీద ఎర్రగా చూపించింది. గుర్తింపు పొందని ధ్వనులను వినిపించి ప్రయాణికుల మనసు కష్టపెట్టకూడదన్నది కంపెనీ విధానం. గుర్తింపు కావాలంటే "పాత మాధ్యమాల వీడ్కోలు విభాగాని"కి దరఖాస్తు చేసుకోవాలి. ఫారం అనగానే జగదీశ్వర్ ముఖం విప్పారింది. స్నానం చేసి వచ్చి మరీ నింపాడు.

రెండు రోజుల్లో జవాబు వచ్చింది. మీ ధ్వనిని శుభ్రం చేశాం, విని ఆమోదించండి అని. ఆమోదిద్దామని విన్నాడు. వాళ్ల యంత్రం అరుంధతి గొంతును రొదగా గుర్తించి పూర్తిగా తీసేసింది. వెనకాల వినిపించిన ఆటో హారన్లను, కూరగాయల బండివాడి కేకను మాత్రం చాలా జాగ్రత్తగా, స్టీరియోలో నిలబెట్టింది. జగదీశ్వర్ అభ్యంతర ఫారం నింపాడు.

ఆ ఫారంలో "గాయనితో దరఖాస్తుదారు సంబంధం" అని ఒక గడి ఉంది. మూడే మూడు జవాబులు: అభిమాని, కంపెనీ, వారసుడు. భర్త లేడు. ఆయన మూడు జవాబులనూ తూచి, దగ్గరి బంధువనే అర్థంలో "వారసుడు" అని పెట్టాడు. ముప్పై ఏళ్ల ఆయన ఫారాల జీవితంలో ఇది మొదటి తప్పు.

మర్నాడు పొద్దున అరుంధతి చాయ్ తాగుతూ, దానికి జవాబుగా వచ్చిన మెయిల్ చదివింది. అరుంధతి గారి మృతికి కంపెనీ ప్రగాఢ సానుభూతి తెలిపింది. మరణ ధ్రువపత్రం జత చేయమంది. ఈ విషాద సమయంలో ఆ కుటుంబానికి తోడుగా ఉండాలని, డ్రైవరు సీటును వెచ్చబరిచే సదుపాయాన్ని మూడు నెలలు ఉచితంగా ఇచ్చింది. (అప్పుడు ఎండ నలభై డిగ్రీలు. సదుపాయాన్ని ఆపే వీలు దాంతోపాటు ఇవ్వలేదు.)

"నేను పోయినందుకు మీకు సీటు వేడి చేస్తున్నరట," అంది అరుంధతి. "పోయి కూసోండి."

జగదీశ్వర్ కంపెనీకి ఫోన్ చేశాడు. ఇరవై నిమిషాల తర్వాత భాను అనే ప్రాంతీయ శ్రవణాధికారి పలికింది. మంచి మనిషి. అరుంధతిని లైన్లోకి పిలిచి, బాగున్నారా అని అడిగింది కూడా.

"మేడమ్, మీరు బతికే ఉన్నరని నేనైతే నమ్ముతున్న," అంది. "సిస్టమ్ నమ్మాలె కదా."

సిస్టమ్ నమ్మడానికి ఒకటే మార్గం. గాయని ఫోన్‌లో ముప్పై సెకన్లు పాడాలి. ఆ గొంతూ పాటలోని గొంతూ ఒకటేనని తేలితే మనిషి బతికి ఉన్నట్టూ, పాట ఆమెదైనట్టూ ఒకేసారి రుజువవుతుంది. రెండు పనులు ఒకే ఫారంతో అయిపోతాయి. మామూలుగా అయితే జగదీశ్వర్ ఇలాంటి ఏర్పాటును ఎంతో మెచ్చుకునేవాడు. ఈసారి మాత్రం ఆయన ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేసి, వద్దులే, వదిలేద్దాం అన్నాడు.

అరుంధతి ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది. గొంతు సవరించుకుంది. ఆయన లోపల, ఇంట్లో రెండొందల పెన్నులుండగా, ఒక పెన్ను కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఆమె పల్లవి ఎత్తుకుంది. మొదటి మాట గరగరమంటూ వచ్చింది. రెండో మాట సగంలో ఆగి, గాలిగా మారిపోయింది. అయినా ఆపలేదు. ముప్పై సెకన్లూ పాడింది. పక్కింటి బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న ఆవిడ చేతిలో క్లిప్పు అలాగే ఉండిపోయింది.

తెర మీద చక్రం కాసేపు తిరిగి ఆగింది. "మీ గొంతు మీ గొంతుతో సరిపోలలేదు. మీకింకా రెండు అవకాశాలున్నాయి."

ఆమె దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని జగదీశ్వర్ పరుగున వచ్చాడు. నవ్వుతోంది. ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వి, కళ్లు తుడుచుకుని, "కరెక్టే చెప్పింది గదా," అంది.

ఆ సాయంత్రం జగదీశ్వర్ జీవితంలో మొదటిసారి ఒక ఫారాన్ని చింపాడు. అది ఫోన్‌లో ఉంది కాబట్టి ముందు దుకాణానికి వెళ్లి ప్రింటు తీసుకోవలసి వచ్చింది.

ముప్పయ్యో రోజు వచ్చింది. ఒప్పందం రద్దు చేసుకుంటానని ఆయన, పాట కోసం రెండు కార్లు ఎక్కడ పెట్టుకుంటామని ఆమె, పొద్దున్నే కాసేపు వాదించుకున్నారు. చివరికి పాత కారును తానే నడిపి ఇచ్చి వస్తానంది. ఆయన కొత్త కారులో వెనకాల రావాలి, తిరుగు ప్రయాణానికి. ఆయన వెచ్చటి సీటు మీద నాలుగు మడతల తువ్వాలు పరుచుకుని బయల్దేరాడు.

చిక్కడపల్లిలో మెయిన్ రోడ్డు తవ్వి ఉంటే లైబ్రరీ పక్క సందులోకి తిరిగారు. సందు మధ్యలో వాటర్ ట్యాంకర్ ఎదురైంది. ట్యాంకర్ వెనక అప్పటికే ఆరు ఆటోలు. వెనక్కి పొమ్మని ట్యాంకర్ డ్రైవర్ చెయ్యి ఊపాడు. వెనక్కి పోవడమన్నది ఈ కారుకు రాదని అరుంధతి కిటికీలోంచి చెప్పింది. వెనకున్న కొత్త కారు పోగలదు, కానీ దాని చుట్టూ జనం చేరగానే అది పన్నెండు కెమెరాలతో చూసి, నలభై ముగ్గురు పాదచారులున్నారని ప్రకటించి, కదలడానికి నిరాకరించింది.

ఏసీ ఎప్పుడో పోయిన కారు, అద్దాలన్నీ దించి ఉన్నాయి. అరుంధతి చేసేదేమీ లేక సౌండ్ పెంచింది.

మొదటి పాటకు హారన్లు మోగాయి. రెండో పాటకు తగ్గాయి. లైబ్రరీ మెట్ల మీద రాజ్యాంగం బట్టీ పడుతున్నవాళ్లు పుస్తకాల్లో వేళ్లు పెట్టుకుని లేచి వచ్చారు. ఒక అమ్మాయి ఫోన్ ఎత్తి వీడియో తీసింది. ట్యాంకర్ డ్రైవర్ ఇంజన్ ఆపి, దిగి, టైరుకు ఆనుకుని, వెలిగించిన బీడీ సంగతే మర్చిపోయాడు. జగదీశ్వర్ కొత్త కారు అద్దాలన్నీ దించాడు. నెల రోజుల్లో మొదటిసారి దాంట్లోకి పాట వచ్చింది, తెర మీద ఏ ఎరుపూ లేకుండా.

పక్కనే ఆగిన ఆటోలోంచి డ్రైవర్ తల బయటికి పెట్టాడు.

"ఎవలు పాడిన్రు అక్కా?"

"నేనే," అంది అరుంధతి, ఆ గరగర గొంతుతోనే.

అతను ఆమె వంక ఒక క్షణం చూశాడు. ధ్రువపత్రం అడగలేదు. "జర మల్ల పెట్టు అక్కా," అన్నాడు.

ఎనిమిది పాటలు అయ్యాక ఇరవైమంది ఉద్యోగార్థులు కొత్త కారును, ఆ తర్వాత పాత కారును, చేతుల మీద వెనక్కి నెట్టి మెయిన్ రోడ్డు దాకా తెచ్చి వదిలారు. జగదీశ్వర్ ముఖం, ఎక్కడా సంతకం చేయకుండా పని అయిపోవడం మొదటిసారి చూసిన మనిషి ముఖంలా ఉంది.

షోరూమ్‌లో సాయిచైతన్య పాత కారు భాగాలన్నీ లెక్కపెట్టుకున్నాడు. ప్లేయరు ఉంది, టిక్కు పెట్టాడు. లోపల ఏదో డిస్క్ ఉన్నట్టుంది మేడమ్, అదేంది అని అడిగాడు. "ఒరిజినల్ పార్టే. రాసుకో," అంది అరుంధతి. తాళం తానే తిప్పి పాట ఆపింది.

నాలుగు రోజుల తర్వాత బడిలో వేసవి క్లాసులకని విద్యానగర్ వెళ్తుంటే కొత్త కారు తనంతట తాను తెర మీద ఒక బొమ్మ చూపించింది. మీ ప్రాంతంలో ఇప్పుడు ఎక్కువమంది వింటున్నది: "ట్యాంకర్ అక్క పాట." సందులో ఆ అమ్మాయి తీసిన వీడియోను రెండు లక్షలమంది చూశారు కాబట్టి ధ్వనికి గుర్తింపు వచ్చేసింది. గాయని: తెలియదు. అరుంధతి వేలితో నొక్కింది. హారన్ల వెనకనుంచి, ఎండలోంచి, తన గొంతు నిండుగా, స్పష్టంగా కారంతా వచ్చింది. జగదీశ్వర్ బండిని పక్కకు తీసి ఆపాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పల్లవి అంతా విన్నారు.

పల్లవి అవగానే అదే కంపెనీ కారు ప్రకటన మొదలైంది. ప్రకటనను దాటవేసే వీలు లేదు. పాటను దాటవేయవచ్చు.